మెదడు ఒక్కచోట ఉంటే మేలా, ఒళ్లంతా పంచితే మేలా?

రాత్రి వంటింట్లో లైటు వేయగానే సింక్ దగ్గర బొద్దింక. చెప్పు తీసి కొడతాం. చెప్పు నేలకు తగిలేలోపే అది సందులో దూరిపోతుంది. దాని వెనక చివర రెండు చిన్న కొమ్ముల్లాంటివి ఉంటాయి. వాటి మీది సన్నటి నూగు, చెప్పు తోసిన గాలిని పసిగడుతుంది. ఆ కబురు తలలో ఆగి అనుమతి తీసుకోదు, లావాటి నరాల మీదుగా నేరుగా కాళ్ల దగ్గరున్న నాడీసంధులకు, అంటే నాడీకణాల ముడులకు, చేరుతుంది. సుమారు 50 మిల్లీసెకన్లలో పరుగు మొదలు.

ఇంటర్ బైపీసీలో ఈ సంధుల్ని కలిపే నాడీదండం బొమ్మ గీశాను. రొమ్ములో 3 సంధులు, పొట్టలో 6. మార్కులు వచ్చాయి గానీ అసలు సంగతి అప్పుడు తట్టలేదు. తల తీసేసినా బొద్దింక రోజుల తరబడి బతుకుతుంది. ఊపిరి ఒంటి పక్కనున్న రంధ్రాల్లోంచి, నడక రొమ్ములోని సంధులతో. చివరికి నీళ్లు తాగే నోరు లేక చస్తుంది. మనకైతే మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతింటేనే జీవితం తలకిందులవుతుంది. మరి ఏ ఏర్పాటు మేలు?

ఈ ప్రశ్నకు బొద్దింక చిన్న ఉదాహరణ. పంచిపెట్టే పద్ధతిని చివరిదాకా తీసుకెళ్లింది ఆక్టోపస్. దానికి సుమారు 50 కోట్ల నాడీకణాలు ఉంటాయి. ఎలుక మెదడులో ఉండేవి 20 కోట్లే. ఆ 50 కోట్లలో దాదాపు మూడింట రెండు వంతులు చేతుల్లోనే ఉంటాయి. ‘ఆ పీతను పట్టు’ అనేంతవరకే మెదడు పని. ఎక్కడ వంగాలో, గిన్నెల్లాంటి చూషకాల్లో దేన్ని ఎక్కడ అంటించాలో చేయే చూసుకుంటుంది. ఆ చూషకాలు రుచి కూడా చూస్తాయి. తెగిన చేతిని గిల్లితే కాసేపటివరకూ వెనక్కి లాక్కుంటుంది. మన చేయి భుజం, మోచేయి, మణికట్టు దగ్గర వంగుతుంది. ఎముక లేని ఆ చేయి ఎక్కడైనా వంగుతుంది. ఎనిమిది చేతుల లెక్కా ఒక్క తల కట్టాలంటే కష్టమే. అలాంటి ఒంటికి పంచుకోవడమే మేలని నాకు ఏ సందేహమూ లేదు.

కన్ను కూడా దానిదే మేలు. మన కంటిలో నరాల పోగులు ముందువైపు నుంచి వచ్చి ఒకచోట తెరను చీల్చుకుని వెనక్కి పోతాయి. అక్కడ మనకేమీ కనిపించదు. ఆక్టోపస్‌కు ఆ పోగులు వెనకనుంచే వెళ్తాయి, ఆ గుడ్డిచుక్క లేదు.

కానీ ఒక ఇబ్బంది ఉంది. వానపాముకైనా బొద్దింకకైనా గొంతు చుట్టూ నరాల వలయం ఉంటుంది. వలయం చిన్నదైతే ఏ బాధా లేదు. ఆక్టోపస్ వంశంలో ఆ వలయమే పెరిగి మెదడైంది. అంటే దాని మెదడు గారెలా ఉంటుంది, తిన్నదంతా మధ్య చిల్లులోంచి దిగాలి. అందుకే పక్షి ముక్కు లాంటి నోటితో కొరికి, ఆకురాయి లాంటి నాలుకతో చిన్న చిన్న ముక్కలు చేసుకుని మింగుతుంది.

నరాల వేగంలో మాత్రం మనదే పైచేయి. ఆక్టోపస్ చుట్టమైన స్క్విడ్‌కు కబురు త్వరగా పోవాలంటే నరాన్ని లావు చేసుకోవడమే దారి. దాని పెద్ద నాడీతంతువు మిల్లీమీటరు దాకా లావుంటుంది. హాడ్జ్‌కిన్, హక్స్‌లీ అనే శాస్త్రవేత్తలు ప్రయోగాలు చేసిందీ, 1963లో నోబెల్ అందుకున్నదీ దాని మీదే. అంత లావున్నా వేగం సెకనుకు 25 మీటర్లకు అటూ ఇటూ. మన నరాలకు మైలిన్ అనే కొవ్వు తొడుగు ఉంది. మిల్లీమీటరులో యాభయ్యో వంతు మందమున్న తంతువులోనే కబురు సెకనుకు 100 మీటర్లు దాటుతుంది. సన్నటి తీగలు కాబట్టే ఒక్క పుర్రెలో 8,600 కోట్ల కణాలు పట్టాయి.

ఇంతవరకూ చూస్తే సరిసమానం అనిపిస్తుంది. కానీ మెదడు గురించి తీర్పు చెప్పాలంటే పిల్లల్ని కనే ఏర్పాటు కూడా చూడాలి. నాకు మనసు ఆగేది ఇక్కడే.

మగ ఆక్టోపస్‌కు ఒక చేయి, చాలా జాతుల్లో కుడివైపు మూడోది, వీర్యపు పొట్లాలు అందించడానికి అనువుగా మారింది. ఆర్గొనాట్ జాతిలో ఆ చేయి తెగి ఆడదాని ఒంట్లోనే ఉండిపోతుంది. 1829లో కువియే అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త అలాంటి చేతిని చూసి, అదేదో పరాన్నజీవి పురుగనుకుని దానికో పేరు కూడా పెట్టాడు. విడిగా చూస్తే అంత సొంత ప్రాణమున్నట్టు ఉంటుంది ఆ చేయి.

మామూలు ఆక్టోపస్‌లో ఆడది గూటి కప్పుకు లక్షకు పైగా గుడ్లు వేలాడదీస్తుంది. చేతులతో తుడుస్తూ, నీళ్లు ఊదుతూ కాపలా కాస్తుంది. తిండి మానేస్తుంది. పిల్లలు బయటికొచ్చే వేళకు తల్లి పోతుంది. 1977లో వొడిన్‌స్కీ అనే శాస్త్రవేత్త కళ్ల దగ్గరున్న గ్రంథుల్ని తీసేసి చూశాడు. అవి లేని తల్లులు గుడ్లను వదిలేసి మళ్లీ తిన్నాయి, ఎక్కువకాలం బతికాయి. కాలిఫోర్నియా తీరంలోని మాంటెరే లోయలో, సుమారు 1,400 మీటర్ల లోతున, ఒక తల్లి 2007 నుంచి 2011 దాకా 53 నెలలు ఒకే రాతిని అంటిపెట్టుకుంది. పరిశోధకులు చివరిసారి వెళ్లేసరికి అక్కడ ఖాళీ గుడ్ల తొడుగులే ఉన్నాయి.

మామూలు ఆక్టోపస్ ఆయుష్షు ఏడాది, రెండేళ్లు. మూత తీయడం నేర్చుకోగలదు, దారి గుర్తుపెట్టుకోగలదు. కానీ నేర్చినది చూపించడానికి బిడ్డ పక్కన తను ఉండదు. పుట్టిన ప్రతి పిల్లా అంతా మొదటినుంచి మొదలుపెట్టాలి. అంత మంచి మెదడుకు ఇంత తక్కువ గడువు అంటే నాకు నిజంగా బాధేస్తుంది. అందుకే నన్నడిగితే, విడివిడిగా ఆక్టోపస్‌కు చాలా మార్కులేస్తాను గానీ, మొత్తంగా మన ఏర్పాటు వైపే మొగ్గుతాను.

అదీ చౌకగా రాలేదు. ఆక్టోపస్‌కు తిండి మెదడులోంచి దిగాలి, మనకు మెదడే తల్లి కటి ఎముకల మధ్యనుంచి దిగాలి. నిటారుగా నడవడానికి తగ్గట్టు మారిన ఎముకలు, పెద్ద తల. అందుకే బిడ్డ లోపలే మెలి తిరుగుతూ బయటికి రావాలి. ఎందరో తల్లుల ప్రాణాలు తీసిన దారి అది. ఇక్కడ పరిణామానికి దొరికిన సర్దుబాటు ఏమిటంటే, మెదడు పూర్తిగా పెరగకముందే కనడం. పుట్టేనాటికి అది పెద్దవాళ్ల మెదడులో మూడో వంతు కూడా ఉండదు. పుర్రె ఎముకలు అతుక్కోకుండా ఒకదానిపైకి ఒకటి జరిగి దారి ఇస్తాయి.

పసిపిల్లకు మాడు మీద ఆముదం పెట్టే అమ్మమ్మ వేళ్లకు తగిలేది ఆ ఎముకల మధ్య సందే. మెత్తగా, గుండెతో పాటు కొట్టుకుంటూ ఉంటుంది. అది పూడడానికి ఏడాదిన్నర పడుతుంది. అన్నాళ్లూ అమ్మమ్మ అక్కడ గట్టిగా ఒత్తదు. నూనె రాస్తూ ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంటుంది.