నాసిక్‌కా, నందికా?

జనవరిలో నాసిక్ వెళ్లివచ్చానని తెలిసినప్పటి నుంచి అందరిదీ ఒకటే ప్రశ్న: వైనరీ, అంటే వైన్ తయారుచేసే చోటు, చూడాలంటే నాసిక్ మేలా, బెంగళూరు పక్కన నంది కొండల ప్రాంతం మేలా? (మన ఊళ్లలో ‘వైన్స్’ అంటే బ్రాందీ షాపే కాబట్టి, ఇంట్లో పెద్దవాళ్లకు ఈ ప్రయాణం గురించి ఎలా చెప్పాలో మాత్రం నన్ను అడగకండి.)

దారి సంగతికొస్తే నందిదే పైచేయి. హైదరాబాద్ నుంచి గానీ అనంతపురం నుంచి గానీ కారులో వస్తే, చిక్కబళ్లాపురం దాటాక పక్కకు తిరిగితే చాలు, బెంగళూరు రద్దీలో పడనక్కరలేదు. నాసిక్ హైదరాబాద్‌కు దాదాపు 700 కిలోమీటర్లు. సికింద్రాబాద్‌లో దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నాసిక్ రోడ్‌లో దిగవచ్చు, కానీ ఒక రాత్రి రైలుకే పోతుంది.

అయినా నా మొగ్గు నాసిక్ వైపే. ఒకే రకం ద్రాక్షతో వేర్వేరు వాళ్లు చేసిన వైన్‌ను ఒక్క పూటలో రుచి చూడగలిగేది అక్కడే. 1999లో మొదలైన సులా వైనరీ, దాని చేతికే 2021లో వచ్చిన యార్క్, మరికాస్త దూరంలో సోమా, అన్నీ గంగాపూర్ డ్యామ్ వైపే ఉన్నాయి. మూడు చోట్లా షెనిన్ బ్లాంక్ అనే ద్రాక్షతో చేసే తెల్ల వైనే అడిగాను. మొదటి గ్లాసులో తీపి ముందు తగిలింది, వెనకే బాగా పండిన జామపండు వాసన. రెండోచోట అదే పేరుతో పోసినది దోరజామ కొరికినట్టు పుల్లగా ఉంది. మూడోది ఆ రెంటికీ మధ్య. పులిసేటప్పుడు ద్రాక్షలోని చక్కెరను ఎంత మిగలనిచ్చారన్నదే ముఖ్యమైన తేడా అని పోస్తున్న అమ్మాయి చెప్పింది. ఇంటి దగ్గర సీసా కొనుక్కుని తాగితే ఈ సంగతి పదేళ్లకైనా నాకు తెలిసేది కాదు.

నందిలో ఆ వీలు లేదు. దొడ్డబళ్లాపుర దగ్గరి గ్రోవర్ వైనరీ ఒక్కదాని కోసమే వెళ్తాం. కానీ ఎర్ర వైన్ ఇష్టపడేవాళ్లు నా మాట పక్కన పెట్టి అక్కడికే వెళ్లండి. తోటలు సముద్రమట్టానికి 900 మీటర్లకు కాస్త అటూ ఇటూ ఎత్తులో ఉన్నాయి. రాత్రిళ్లు చల్లబడతాయి కాబట్టి పండులో పులుపు నిలుస్తుంది. కాబెర్నే, షిరాజ్ అనే నల్ల ద్రాక్ష రకాలు కలిపి ఓక్ చెక్క పీపాల్లో ఉంచి చేసే ‘లా రిజర్వ్’ వాళ్ల పేరు నిలబెట్టిన వైన్. గుక్క దిగాక కాసేపటి దాకా నేరేడు పండు తిన్నట్టు నాలుక మీద వగరు ఉండిపోతుంది. ఆ వగరు ఎక్కువగా తొక్క, గింజల నుంచే వస్తుంది. వైన్ ద్రాక్ష మనం తినే గింజలేని ద్రాక్షలా ఉండదు; చిన్న పండు, మందమైన తొక్క, లోపల గింజలు. తొక్క నమిలి చూస్తే తెలుస్తుంది.

ఎక్కడికి వెళ్లినా వానాకాలంలో మాత్రం వద్దు. తీగను ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు: కోతలు అయ్యాక వేసవి మొదట్లో ఒకసారి, వానలు వెనకపట్టాక సెప్టెంబర్, అక్టోబర్‌లలో ఇంకోసారి. వైన్‌కు కాపు తీసేది రెండో కత్తిరింపు తర్వాతే. నాసిక్‌లో కోతలు జనవరి నుంచి మార్చి దాకా సాగుతాయి. నేను మొదటిసారి జూలైలో వెళ్లి, ఆకులు చూసి, బురద తొక్కి వచ్చాను. శని, ఆదివారాల్లో ముంబై జనం దిగుతారు. అప్పుడు తాగడమే తప్ప అడిగి తెలుసుకునే వీలుండదు.

బుడగలు పొంగే స్పార్క్లింగ్ వైన్ కావాలంటే నాసిక్ దగ్గరే దిండోరిలో షాందోన్ ఉంది. సోలాపూర్ జిల్లా అక్లూజ్‌లో ఫ్రాటెల్లి, హంపి వైపు కృష్మా కూడా ఉన్నాయి గానీ, మొదటిసారి వెళ్లేవాళ్లకు అంత దూరం అవసరం లేదు.

ఇంతకీ దారి విషయంలో నందిదే పైచేయి అన్నాను కదా, అందులో ఒక మెలిక ఉంది. అక్కడికి మేం సొంత కారులో వెళ్లాం. స్టీరింగ్ పట్టిన పాపానికి మా బావ పూటంతా నిమ్మకాయ సోడాతో గడిపి, మా ముఖాలు చూస్తూ కూర్చున్నాడు. నాసిక్‌కు రైల్లో వెళ్లి, అక్కడ రోజుకింతని కారు మాట్లాడుకున్నాం. ఆ రోజు షెనిన్‌లలో ఏది మంచిదని అందరికంటే గట్టిగా వాదించింది బావే.