హైదరాబాద్‌కి ముందు ఏది కావాలి: ఫ్లైఓవరా, ఫుట్‌పాతా?

ఖర్చు: ఫ్లైఓవర్ అంటే కోట్లు, భూసేకరణ, ఏళ్ల తరబడి డైవర్షన్లు. ఫుట్‌పాత్‌కి అందులో కొద్ది భాగం చాలు.

శ్రమ: ఫుట్‌పాత్ వేయడం తేలికే, కాపాడుకోవడమే కష్టం. పార్క్ చేసిన బైకులు, ట్రాన్స్‌ఫార్మర్లు, మూత లేని మ్యాన్‌హోళ్లు దాన్ని మింగేస్తాయి. 2017లో మెట్రో వచ్చింది, కానీ స్టేషన్ దిగాక ఇంటిదాకా అర కిలోమీటరు నడిచే దారి లేక ఆటో ఎక్కేవాళ్లు ఎంతమందో! మా అమ్మ కూడా అంతే. నా బాధంతా అదే.

రిస్క్: ఫ్లైఓవర్ దిగే చోట కొత్త జామ్, కింద రోడ్డు దాటేవాళ్లకు టెన్షన్.

ఎయిర్‌పోర్టు లాంటి దూర ప్రయాణాలకు మెహదీపట్నం-ఆరాంఘర్ మధ్య 11.6 కిలోమీటర్ల పీవీ ఎక్స్‌ప్రెస్‌వే లాంటి ఫ్లైఓవరే సరైనది. కోఠి, అమీర్‌పేటల్లో మాత్రం బస్సో మెట్రోనో దిగి నడిచే జనం ఎక్కువ, అక్కడ ముందు ఫుట్‌పాతే వేయాలి.