మోటార్ మార్చాలా, హెడ్‌లైట్ మొత్తం మార్చాలా?

కారులో హెడ్‌లైట్ వెలుగును పైకీ కిందికీ జరిపే డయల్ ఉంటుంది, దాన్ని తిప్పితే హెడ్‌లైట్ వెనకున్న చిన్న మోటార్ ఆ పని చేస్తుంది. తిప్పినా ఎత్తు మారట్లేదంటే చెన్నైలో ముందుగా వినిపించే సలహా, హెడ్‌లైట్ సెట్ మొత్తం మార్చేయండి అని. వెంటనే ఒప్పుకోకండి.

చీకటి పడ్డాక గోడకు ఎదురుగా బండి ఆపి, లో బీమ్ వేసి డయల్ 0 నుంచి 3కి తిప్పండి. రెండు వెలుగులూ కిందికి దిగాలి. రెండూ కదలకపోతే ముందు ఫ్యూజు, డయల్, వైరింగ్ చూడాలి. ఒక్కటే కదలకపోతే బానెట్ ఎత్తి చెవి పెట్టండి: మోటార్ చప్పుడు వస్తున్నా వెలుగు కదలట్లేదంటే, మోటార్ షాఫ్ట్ (కడ్డీ) చివరి చిన్న గుండు, రిఫ్లెక్టర్ (బల్బు వెలుగును ముందుకు పంపే అద్దంలాంటి గిన్నె) వెనకున్న ప్లాస్టిక్ గూట్లోంచి ఊడిపోయి ఉండొచ్చు, లేదా ఆ గూడే విరిగి ఉండొచ్చు. చప్పుడే లేకపోతే మోటార్ కనెక్టర్ దగ్గర, వోల్టేజి కొలిచే మల్టీమీటర్ పెట్టండి. 12 వోల్టులు వస్తూ, డయల్ తిప్పినప్పుడల్లా సిగ్నల్ వోల్టేజి మారుతుంటే మోటారే పోయినట్టు.

గూడు బాగుంటే నా ఓటు మోటార్‌కే. ఖర్చు చాలా తక్కువ, పైగా చాలా కార్లలో కొంచెం తిప్పితే ఊడి వస్తుంది. కొత్తది పెట్టేటప్పుడే ఓపిక కావాలి, బల్బు రంధ్రంలోంచి రిఫ్లెక్టర్‌ని మెల్లగా వెనక్కి లాగి పట్టుకుంటేనే గుండు టక్కున గూట్లో పడుతుంది.

గూడు విరిగితే మాత్రం సెట్ మార్చడమే నయం, ఆ వేడికీ అదురుకీ జిగురు నిలవదు. పాత బండి భాగాలు అమ్మే పుదుపేటలో పాతది వెతుక్కోవచ్చు, కాకపోతే డబ్బులిచ్చే ముందే దాని వెనక గూడు సరిగా ఉందో లేదో టార్చి వేసి చూడండి.

ఏది మార్చినా డయల్ 0లో పెట్టి, డ్రైవర్ సీట్లో ఒకరిని కూర్చోబెట్టి బీమ్ సరిచేయించండి. ఎక్కువ కార్లకు వెలుగు 10 మీటర్లకు 10 సెంటీమీటర్లు దిగితే చాలు.