పాత ల్యాప్‌టాప్‌తో అంటగట్టే ‘ప్రత్యేక’ బ్రౌజర్ విషయంలో జాగ్రత్త

బెంగళూరు ఎస్.పి. రోడ్డులో రీఫర్బిష్డ్ ల్యాప్‌టాప్ కొనాలనుకునే మన తెలుగువారి కోసం ఇది రాస్తున్నాను. 2024 ఫిబ్రవరి మొదటివారంలో మా నాన్నగారి కోసం అక్కడి ఒక దుకాణంలో ల్యాప్‌టాప్ తీసుకున్నాను. మిషన్‌కు ఏ వంకా పెట్టలేను. అయితే బిల్లు వేసే ముందు, పెద్దవాళ్లకు ప్రకటనల బెడద లేకుండా బ్యాంకు పనులకు భద్రంగా ఉండే బ్రౌజర్ ఒకటి ఉందని, ఏడాదికి 1,499 రూపాయలని దుకాణం అబ్బాయి చెప్పాడు. “ఇది క్రోమే అన్నా, పైన రంగు మార్చినారు అంతే” అని చిత్తూరు వైపు యాసలో అనేసరికి, మనవాడే కదా అని మారు ప్రశ్న వేయకుండా ఒప్పుకున్నాను.

పది రోజులు తిరగకముందే నాన్నగారు ఫోన్ చేశారు. పెన్షన్ పడిందో లేదో చూద్దామని బ్యాంకు సైటు తెరిస్తే, మీ బ్రౌజర్ పాతది, అప్‌డేట్ చేసుకోండి అని పైన పసుపుపచ్చ పట్టీ వస్తోందట. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి చూశాను. అప్‌డేట్ బటన్ నొక్కితే చిన్న చక్రం రెండు మూడు సార్లు తిరిగి, మీరు తాజా వెర్షన్‌లోనే ఉన్నారు అని ఆకుపచ్చ టిక్కు పెట్టింది. అక్కడ కనిపించే వెర్షన్ నంబరు ఆ కంపెనీ తన లెక్క ప్రకారం వేసుకున్నది కాబట్టి దాన్ని బట్టి ఏమీ తెలియదు. లోపల నడిచే క్రోమియం ఇంజన్ నంబరు చూడాలి; క్రోమియం అంటే క్రోమ్‌కూ, అలాంటి మరెన్నో బ్రౌజర్లకూ పునాదిగా ఉండే కోడ్. అడ్రస్ బార్‌లో క్రోమ్ అని, పక్కన కోలన్, రెండు స్లాష్‌లు, ఆ తర్వాత వెర్షన్ అని ఇంగ్లీషులో కొడితే క్రోమియం మీద కట్టిన చాలా బ్రౌజర్లలో అది కనిపిస్తుంది. మా దాంట్లో 115 అని ఉంది. అప్పటికి క్రోమ్ 121కి వచ్చేసింది.

ఆరు అంకెల తేడాయే కదా అనుకోవద్దు. ఆ మధ్యలోనే, 2023 సెప్టెంబరులో, వెబ్‌పీ అనే రకం బొమ్మలను విప్పి చూపించడానికి బ్రౌజర్లు వాడుకునే లిబ్‌వెబ్‌పీ అనే కోడ్ లైబ్రరీలో ఒక ప్రమాదకరమైన లోపం బయటపడింది. ప్రత్యేకంగా తయారు చేసిన బొమ్మ ఉన్న పేజీని తెరిస్తే చాలు, ఆ బొమ్మను విప్పే క్రమంలో బ్రౌజర్ తనకు కేటాయించిన మెమొరీ హద్దు దాటి రాసేస్తుంది, దాన్ని ఆసరా చేసుకుని దాడి చేసేవాడు తన కోడ్ నడిపించుకునే వీలు ఉంటుంది. ఆపిల్ భద్రతా విభాగమూ, టొరంటో విశ్వవిద్యాలయంలోని సిటిజన్ ల్యాబ్ అనే పరిశోధక బృందమూ సెప్టెంబరు 6న ఈ సంగతి తెలియజేస్తే, గూగుల్ 11వ తేదీన 116.0.5845.187 వెర్షన్‌తో దాన్ని సరిచేసింది. దీన్ని వాడుకుని దాడి చేసే కోడ్ అప్పటికే బయట ఉందని కూడా ఆ రోజే ప్రకటించింది. ఫైర్‌ఫాక్స్ మరుసటి రోజే 117.0.1 విడుదల చేసింది. ఎడ్జ్, బ్రేవ్, ఒపెరా, వివాల్డీ కూడా కొద్ది రోజుల్లోనే సవరణ అందించాయి. డబ్బు ఇచ్చి కొన్న మా బ్రౌజర్‌కు మాత్రం అయిదు నెలలైనా ఆ సవరణ రాలేదు. పైన పటారం, లోన లొటారం.

అసలు విషయం ఏమిటంటే, క్రోమియంలో లోపం సరిచేసినంత మాత్రాన దాని మీద కట్టిన ఇతర బ్రౌజర్లు వాటంతట అవే బాగుపడవు. ఆ బ్రౌజర్ తయారు చేసిన కంపెనీ కొత్త కోడ్ తెచ్చుకుని, తన మార్పులను దాని మీద మళ్లీ కూర్చి, పరీక్షించి, మన మిషన్‌కు పంపాలి. క్రోమ్‌కు 2023 ఆగస్టు నుంచి వారం వారం భద్రతా అప్‌డేట్లు వస్తున్నాయి కాబట్టి, ఈ పనికి మనుషులు లేని కంపెనీ బ్రౌజర్ నెల తిరిగేసరికే వెనకబడిపోతుంది. పైగా సవరణ బయటికి రాగానే లోపం ఎక్కడుందో అందరికీ తెలిసిపోతుంది కనుక, ఆ తర్వాత కూడా అప్‌డేట్ కాని బ్రౌజర్ వాడేవారికి ప్రమాదం ఇంకా పెరుగుతుంది.

దుకాణానికి వెళ్లి అడిగితే, యాంటీవైరస్ కూడా వేశాం కదా అన్నారు. బ్రౌజర్‌లోని లోపాన్ని యాంటీవైరస్ పూడ్చదు. గట్టిగా అడిగేసరికి తాము అమ్మకందారులం మాత్రమేనని, కంపెనీని అడగమని చేతులు దులుపుకున్నారు. కంపెనీకి రాస్తే, రాబోయే వెర్షన్‌లో పరిశీలిస్తామని రెండు ముక్కల జవాబు వచ్చింది. ఆ వెర్షన్ ఎప్పుడో చెప్పలేదు. దుకాణం బిల్లులో మాత్రం ఆ 1,499 రూపాయలు ‘సెక్యూరిటీ’ అనే పేరుతోనే ఉన్నాయి. నాకు అన్నిటికంటే బాధ కలిగించింది ఆ మాటే.

మీ ఇంట్లో పెద్దవాళ్ల ల్యాప్‌టాప్‌లో ఇలాంటిది ఉంటే వెంటనే తీసేయండి. తీసేసినా మా మిషన్‌లో దాని అప్‌డేటర్ స్టార్టప్‌లో, అంటే మిషన్ ఆన్ చేయగానే నడిచే వాటి జాబితాలో, అలాగే మిగిలిపోయింది కాబట్టి టాస్క్ మేనేజర్‌లో అది కూడా చూడండి. అందులో దాచిన పాస్‌వర్డులను వేరే పరికరం నుంచి మార్చండి. నాన్నగారి ఖాతాలో తేడా ఏమీ కనిపించలేదు, అయినా బ్యాంకు పాస్‌వర్డూ, మెయిల్ పాస్‌వర్డూ ఆ రాత్రే నా ఫోన్ నుంచి మార్పించాను. కొనేవారు బిల్లు వేయించుకోకముందే, దుకాణంలోనే ఆ వెర్షన్ పేజీ తెరిపించి, మీ ఫోన్‌లోని క్రోమ్ నంబరుతో పోల్చి చూసుకోండి. బ్రౌజర్‌కు విడిగా డబ్బు అడిగితే అప్‌డేట్లు ఎన్నాళ్లకు ఒకసారి వస్తాయో బిల్లు మీద రాసివ్వమనండి.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. బిల్లు, వెర్షన్ పేజీ ఫొటో, కంపెనీ పంపిన జవాబు మూడూ జత చేశాను. డబ్బు ఇంకా తిరిగి రాలేదు.