జింప్‌లో సేవ్, ఎక్స్‌పోర్ట్ గొడవ: కడప షాపులో 2016 నుంచి వాడాక నా మాట

కడప ఏడు రోడ్ల దగ్గర మాది చిన్న డిజైన్ షాపు. పెళ్ళి ఫ్లెక్సీలు, శుభలేఖలు, పాస్‌పోర్టు ఫొటోలు చేస్తాం. 2016 నుంచి జింప్ (ఫొటోలు, బొమ్మలు దిద్దే ఉచిత సాఫ్ట్‌వేర్) వాడుతున్నాను. మొదటి వారంలోనే తీసేద్దామనుకున్నాను. కస్టమర్ ఫొటో జేపెగ్‌ తెరిచి, ముఖం మీద వెలుతురు సరిచేసి కంట్రోల్ ఎస్ కొడితే, జింప్ సొంత ఫైలు రకమైన ఎక్స్‌సీఎఫ్ ఫైలుగా సేవ్ చేయమంటుంది. పేరు చివర జేపీజీ అని టైపు చేసినా ఒప్పుకోదు, ఎక్స్‌పోర్ట్‌లోకి (వేరే రకం ఫైలుగా బయటికి తీసే ఆదేశం) వెళ్ళమంటుంది. కౌంటర్ ముందు నలుగురు నిలబడి ఉంటే ఎంత టెన్షనో!

డెవలపర్లు కావాలనే ఇలా పెట్టారు. 2012లో వచ్చిన 2.8 వెర్షన్‌లో సేవ్‌ని, ఎక్స్‌పోర్ట్‌ని విడదీశారు. వాడేవాళ్ళు ఎంత గొడవపెట్టినా వెనక్కి తగ్గలేదు. వాళ్ళ వాదన సూటిగానే ఉంది. జేపెగ్‌లో లేయర్లు (విడివిడిగా మార్చుకోగల పొరలు) నిలవవు, టైపు చేసిన అక్షరాలు బొమ్మలో కలిసిపోతాయి. అలాంటి ఫైలు రాసి ‘సేవ్ అయింది’ అని చెప్పడం వాడేవాణ్ణి మోసం చేసినట్టే. పని మొత్తం నిలిచేది ఎక్స్‌సీఎఫ్‌లో, కాబట్టి సేవ్ అనే మాట దానికే ఉండాలి.

నాకిది తలకెక్కింది ఒక పెళ్ళి ఫ్లెక్సీతో. జేపెగ్ ఎక్స్‌పోర్ట్ చేసి ప్రింటింగుకు పంపించాను. ఫైలు మూసేటప్పుడు మార్పులు సేవ్ చేయలేదని జింప్ అడిగింది. విసుగులో వద్దని నొక్కేశాను. సాయంత్రం పెళ్ళికొడుకు తమ్ముడు వచ్చి, “అన్నా, మా మామ పేరే ఇడ్సిపెట్నావే!” అన్నాడు. చేతిలో ఉన్నది అతుక్కుపోయిన ఒక్క బొమ్మ. వధూవరుల ఫొటోలు మళ్ళీ కత్తిరించి, పేర్లన్నీ మళ్ళీ కొట్టి లేచేసరికి రాత్రి రెండయింది. తప్పు నాదే. ఆ రాత్రి తర్వాత ఎక్స్‌సీఎఫ్ లేకుండా ఏ ఫైలూ మూయలేదు.

ఉద్యోగ పరీక్షల అప్లికేషన్లప్పుడు ఈ విభజన ఎంత మేలో ఇంకా బాగా తెలిసింది. ఫొటో 20 నుంచి 50 కేబీ మధ్య ఉండాలంటారు. ఎక్స్‌పోర్ట్ పెట్టెలో ప్రివ్యూ టిక్ పెట్టి క్వాలిటీ తగ్గిస్తుంటే, ఫైలు ఎన్ని కేబీలు వస్తుందో అక్కడే కనిపిస్తుంది. అసలు ఫైలు అలాగే ఉంటుంది, అందులోంచి అప్లికేషన్‌కి ఒకటి, ప్రింటుకి ఒకటి తీస్తాను.

అలాగని ఫిర్యాదు చేసేవాళ్ళను తప్పుపట్టను. రోజంతా పాస్‌పోర్టు ఫొటోలే చేసేవాడికి లేయర్లతో పనేముంది? జింప్ లోతైన పనికోసం, చిన్న సవరణలకు వేరే సాఫ్ట్‌వేర్లున్నాయి అని డెవలపర్లు చెప్పిన జవాబు నాకు నచ్చలేదు. కడపలో ఒకే షాపు, ఒకే కంప్యూటర్ రెండు పనులూ చేస్తాయి. నిజానికి ఫైల్ మెనూలో తెరిచిన జేపెగ్ మీదే తిరిగి రాసే ఓవర్‌రైట్ ఉంది. ఒకసారి ఎక్స్‌పోర్ట్ చేశాక కంట్రోల్ ఈ కొడితే అదే పేరుతో మళ్ళీ వెళ్తుంది. షార్ట్‌కట్‌లు మార్చుకోవచ్చు కూడా. ఇవి తెలియడానికి నాకు ఏడాది పట్టింది. కంట్రోల్ ఎస్ కొట్టి తికమకపడే మనిషికి ఆ పెట్టెలోనే ఇవన్నీ చూపించి ఉంటే సగం కోపాలు చల్లారేవి. 2018లో వచ్చిన 2.10లో మూసేటప్పుడు ‘ఫలానా పేరుతో ఎక్స్‌పోర్ట్ అయింది’ అని కూడా చెబుతుంది. అలాంటి ఒక్క వాక్యం ఎంతో ధైర్యమిస్తుంది.

జింప్‌లో తెలుగు యూనికోడ్‌లో టైపు చేస్తే ఒత్తులు, గుణింతాలు సరిగ్గా పడతాయి. రామభద్ర ఫాంటుతో పెద్ద అక్షరాలు నిండుగా వస్తాయి. ఫ్లెక్సీల ఎక్స్‌సీఎఫ్‌లు బరువెక్కువ, వాటికోసమే విడిగా హార్డ్ డిస్క్ కొన్నాను.

పూర్తి సీఎంవైకే (ప్రింటింగు ఇంకుల నాలుగు రంగుల) మోడ్ లేకపోవడం ఇప్పటికీ లోటే. 2025 మార్చిలో వచ్చిన 3.0లో సీఎంవైకే జేపెగ్, టిఫ్ ఎక్స్‌పోర్ట్ చేసుకోవచ్చు. అయినా తెర మీది రంగే ప్రింటులో రాకపోవచ్చు కాబట్టి, కుంకుమ ఎరుపు ఉన్న ఫ్లెక్సీ అయితే, ముందు చిన్న ముక్క ప్రింటు తీయించి చూశాకే మొత్తం వేయిస్తున్నాను.