క్యూని వంశవృక్షంగా లెక్కేయాలా, మనిషి మనిషికీ లెక్కేయాలా?

గుంటూరు బ్రాడీపేటలో పరీక్షల రోజుల్లో ఒకే మెషీన్ ఉన్న జిరాక్స్ షాపు అనుకోండి. సగటున రెండున్నర నిమిషాలకు ఒకరు వస్తారు, ఎవరి దారిన వాళ్లు, ఒకరి రాకకీ ఇంకొకరి రాకకీ సంబంధం లేకుండా (గణితంలో దీన్నే పాయిజాన్ లెక్క అంటారు). ఒక్కొక్కరికి సగటున 2 నిమిషాలు పడుతుంది. ఒకసారి జనం మొదలైతే మళ్లీ టీ తాగే ఖాళీ ఎప్పుడొస్తుందన్నది షాపాయన బాధ. నా వంతు ఎప్పుడన్నది చివర్న నిలబడ్డ కుర్రాడి టెన్షన్. రెండూ ఒకే ప్రశ్నలా కనిపిస్తాయి గానీ కావు.

షాపాయన ప్రశ్నకి నా ఓటు బ్రాంచింగ్ ప్రాసెస్‌కే, అంటే తలకి ఎంతమంది పిల్లలో చూసి వంశం సాగుతుందా, ఆగుతుందా అని తేల్చే వంశవృక్షం లెక్కకే. ఇంటిపేర్లు ఎలా అంతరిస్తాయో తేల్చడానికి గాల్టన్, వాట్సన్ 1874లో రాసిన లెక్క ఇది. క్యూల లెక్క మాత్రం 1909లో కోపెన్‌హాగన్‌లో ఎర్లాంగ్ టెలిఫోన్ కాల్స్ గురించి రాసిన దగ్గర మొదలైంది. రెండూ కలిసే చోటు భలే ఉంటుంది: ఒకరి కాపీలు తీస్తుండగా వచ్చినవాళ్లంతా ఆయన పిల్లలు, ఆ పిల్లల కాపీలు తీస్తుండగా వచ్చినవాళ్లు మనవలు, వంశం ఆగిపోయిందంటే షాపు ఖాళీ అయిందన్నమాట. ఒకరి పనికి 2 నిమిషాలు, రెండున్నర నిమిషాలకు ఒకరి రాక, అంటే తలకి సగటున 2/2.5 = 0.8 మంది పిల్లలు కాబట్టి మొత్తం 1 + 0.8 + 0.64 అలా కూడుకుంటూ పోతే 5 మంది, అంటే 10 నిమిషాలు. అదే ఒక్కొక్కరికి ఇంకో 15 సెకన్లు ఎక్కువ పడితే? తలకి 0.9 మంది పిల్లలు, మొత్తం 10 మంది, 22.5 నిమిషాలు! పిల్లల సగటు సరిగ్గా 1కి చేరితే వంశం ఎప్పటికైనా ఆగడం ఖాయమే, కానీ ఆగడానికి పట్టే సగటు సమయం అనంతం.

ఇంకో సుఖం, ఈ లెక్కకి వరసతో పనిలేదు. మనవాళ్లు వరసలో ఎక్కడ నిలబడతారు, "అన్నా, ఒక్క పేజీయే" అని చెయ్యి దూరుస్తారు కదా, అయినా ఆ 10 నిమిషాలు మారవు.

కుర్రాడి విషయంలో మాత్రం చెట్టు చేతులెత్తేస్తుంది. అతనికి గణాంక శాస్త్రవేత్త లిండ్లీ 1952లో ఇచ్చిన సూత్రం కావాలి: ముందువాడు ఎదురుచూసిన సమయానికి అతని పనికి పట్టిన సమయం కలిపి, ఇద్దరి రాకల మధ్య తేడా తీసేయడం, మైనస్ వస్తే సున్నా. అందరి పనీ కచ్చితంగా 2 నిమిషాలే అయితే సగటు ఎదురుచూపు 4 నిమిషాలు. ఒకడు ఒక పేజీ, ఇంకొకడు రికార్డు పుస్తకం మొత్తం తెస్తూ పని సమయాలు ఎక్స్‌పొనెన్షియల్‌గా (ఎక్కువమందికి తక్కువ, కొద్దిమందికి చాలా ఎక్కువ పట్టేలా) చెదిరి ఉంటే 8 నిమిషాలు. షాపాయన సగటు మాత్రం రెండు సందర్భాల్లోనూ అదే 10. అంటే కుర్రాడి సమయం రెట్టింపైనా చెట్టుకి చీమ కుట్టినట్టయినా ఉండదు.

నేర్చుకునేవాళ్లు చెట్టుతోనే మొదలుపెట్టండి, ఒక గుణశ్రేఢితో పనైపోతుంది. అయితే రెండో మెషీన్ పెట్టారంటే ఇద్దరి పనీ ఒకేసారి నడుస్తుంది, కొత్తగా వచ్చినవాడు ఎవరి బిడ్డో తేలదు, అక్కడ నేరుగా ఒకటికి మించి మెషీన్లున్న క్యూలకి పనికొచ్చే ఎర్లాంగ్ సూత్రాల దగ్గరికే పోవాలి.