ఒక్క ఫోన్ ఉన్న ఇంటిని లెక్కలోకి తీసుకున్న స్కూలు

హైదరాబాద్ ఈసీఐఎల్ వైపు ఉన్న ఈ స్టేట్ సిలబస్ స్కూలుకు ఇక్కడ ఇచ్చే మార్కులన్నీ కరోనా రెండేళ్లకే. బిల్డింగ్ మామూలుది, గ్రౌండ్ ఉందంటే ఉంది. 2020 మార్చి 16న బడులు మూతపడ్డాక మాత్రం ఏ స్కూలు ఎలాంటిదో తెలుసుకోవడానికి బిల్డింగ్ కంటే ఫీజు రసీదు బాగా పనికొచ్చింది.

ఆ ఏప్రిల్ 21న తెలంగాణ ప్రభుత్వం జీవో 46 ఇచ్చింది. 2020-21కి ఫీజు పెంచకూడదు, ట్యూషన్ ఫీజు మాత్రమే, అదీ నెలనెలా తీసుకోవాలి. చాలాచోట్ల ఏం చేశారంటే ల్యాబ్, లైబ్రరీ, కంప్యూటర్, స్పోర్ట్స్ అన్నీ ఒకే పద్దులో కలిపేసి దానికే ట్యూషన్ ఫీజని పేరు పెట్టారు. జీవో అమలైనట్టే, తల్లిదండ్రుల జేబుకు మాత్రం తేడా లేదు. ఈ స్కూల్లో 2019-20 రసీదులోనే పద్దులు విడివిడిగా ఉన్నాయి కాబట్టి ఆ తిరకాసుకు చోటు లేకపోయింది. వ్యాన్, ల్యాబ్, స్పోర్ట్స్ పద్దులు కొట్టేసి, మిగిలిన ట్యూషన్ ఫీజును పది వాయిదాలు చేశారు. వాయిదాలో సగమే కట్టినా ఆ సగానికి అదే రోజు రసీదు. బాకీ ఉన్న పిల్లలకు క్లాసు లింకు ఆపలేదు, గ్రూపులో పేర్లు పెట్టలేదు. ఆఫీసు నుంచి విడిగా ఫోన్ చేసి అడిగేవారు, అంతే.

ఆన్‌లైన్ క్లాసులు మొదట్లో బాగా లేవు. తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా ఆరు పీరియడ్లూ ఉచిత జూమ్‌లో నడిపారు. అది 40 నిమిషాలకు కట్ అవుతుంది. మళ్లీ లింకు పంపి, అందరూ చేరి, హాజరు పిలిచేసరికి పది నిమిషాలు గాలికి. తండ్రి ఫోన్ పట్టుకుని డ్యూటీకి వెళ్లిపోతే ఆ ఇంటి పిల్లలు ఆ రోజంతా గైర్హాజరే. రోజుకు 1.5 జీబీ ప్యాక్ ఇద్దరు పిల్లలకు మధ్యాహ్నానికే అయిపోయేది. 2020 జులైలో ఆన్‌లైన్ క్లాసుల కోసం కేంద్రం ఇచ్చిన ప్రజ్ఞాత మార్గదర్శకాలు 1 నుంచి 8 తరగతులకు రోజుకు రెండు సెషన్లు, ఒక్కోటి 30 నుంచి 45 నిమిషాలు మించకూడదన్నాయి. చాలా స్కూళ్లు దాన్ని చదివి పక్కన పెట్టాయి. వీళ్లు టైంటేబుల్ మార్చారు. ముందుగా ఏ ఇంట్లో ఎన్ని ఫోన్లు, ఎన్ని గంటలకు ఖాళీ అని కాగితం మీద రాయించుకున్నారు. పెద్ద తరగతులకు ఉదయం ఏడున్నరకు, అంటే ఫోన్ డ్యూటీకి వెళ్లకముందే. చిన్నవాళ్లకు సాయంత్రం ఆరున్నరకు. అన్నదమ్ముల క్లాసులు ఒకే సమయంలో పడకుండా చూశారు. కెమెరా తప్పనిసరి కాదు, పేరు పిలిస్తే పలికితే చాలు. డేటా ఖర్చు తగ్గిందంటే చాలావరకు అందువల్లే.

బోర్డు ముందు నిలబడి చెప్పడం కూడా రెండు వారాల్లో మానేశారు. ట్యూబ్‌లైటు వెలుగు బోర్డు మీద పడి చాక్‌పీస్ రాత సగం కనపడదు. బదులుగా స్టాండుకు ఫోన్ బోర్లా బిగించి, కింద తెల్ల కాగితం మీద నల్ల స్కెచ్ పెన్నుతో రాశారు. లెక్కలకు దీన్ని మించింది లేదు, చెయ్యి కదలిక కూడా కనిపిస్తుంది. ఫ్రంట్ కెమెరా పెట్టుకున్న టీచర్లకు తమ స్క్రీన్ మీద అక్షరాలు తిరగబడి కనిపించి కంగారు పడ్డారు. పిల్లలకు మాత్రం అవి సరిగానే కనిపిస్తాయి.

హోంవర్కు దగ్గర పెద్ద చిక్కొచ్చింది. నలభై మంది తలా నాలుగు పేజీల ఫొటోలు వాట్సాప్ గ్రూపులో పెడితే రోజుకు 160. వారం తిరిగేసరికి ప్రతి ఇంట్లోనూ ఫోన్ నిండిపోయింది. ఆ తర్వాత గూగుల్ క్లాస్‌రూమ్‌లో పెట్టమన్నారు. అది చేతకానివాళ్లు శనివారం గేటు దగ్గర నోట్‌బుక్ ఇస్తే మంగళవారం దిద్ది ఇచ్చారు. ఎర్ర ఇంకు చూస్తేనే పిల్లలు లొంగుతారు, ఫొటో కింద బొటనవేలు గుర్తుకు కాదు.

పదో తరగతిలో ఎఫ్ఏ-1 ను, అంటే బడిలోనే పెట్టి మార్కులు వేసే మొదటి పరీక్షను (ఫార్మేటివ్ అసెస్‌మెంట్), అశ్రద్ధ చేయకుండా పెట్టి, మార్కులు వేళకు పంపారు. 2021లో పబ్లిక్ పరీక్షలు రద్దై ఆ మార్కులతోనే గ్రేడ్లు ఇచ్చేసరికి దాని విలువ తెలిసింది.

స్కూలు చతికిలపడింది ఒకటి, రెండు తరగతుల్లో. పెన్సిల్ పట్టు, గుణింతాలు, ఒత్తులు తెర మీద రావు. పక్కన కూర్చుని చెయ్యి పట్టి దిద్దించే పని అది. వీడియోలు పంపి ఊరుకున్నారు. 2021 సెప్టెంబర్ 1న బడులు తెరిచాక ఆ పిల్లలు మూడో తరగతి తెలుగు పాఠం ముందు కూర్చుని ఒత్తు ఉన్న ప్రతి మాట దగ్గరా ఆగిపోయారు. అప్పుడైనా రోజూ ఒక పీరియడ్ రాతకే కేటాయించాల్సింది. సిలబస్ తరుముతోందని వదిలేశారు.

టీచర్ల జీతాలు కూడా సగానికి పడ్డాయి. ప్రైవేటు టీచర్లకు ప్రభుత్వం 2021 ఏప్రిల్ నుంచి రూ.2,000, 25 కిలోల బియ్యం ఇచ్చినా అది ఏ మూలకు? లెక్కల టీచర్ ఏడాదిలో రెండుసార్లు మారారు. ఫీజు తగ్గించిన బరువు ఎవరి మీద పడిందో దీంతో అర్థమవుతుంది.

5కి 4. ఇప్పుడు అడ్మిషన్‌కు వెళ్లేవాళ్లు ఆఫీసులో పాత రసీదు నమూనా చూపించమనండి, పద్దులు ఇంకా విడివిడిగానే ఉన్నాయో లేదో చూసుకోండి. ఒకటో తరగతిలో చేర్చేవాళ్లయితే, రాత దిద్దించే పీరియడ్ టైంటేబుల్‌లో ఎక్కడుందో కూడా అడగండి.